చిట్టాలో అన్నీ వాన నీళ్ళే

శ్రావణ శుద్ధ విదియ, పొద్దున పోటు

ఈ పుస్తకంలో ముందు పేజీలు సరంగు కచేరీకి, వెనక పేజీలు నాకు. ముందు పేజీల్లో నాలుగు గళ్ళుంటాయి: యంత్రం నంబరు, ఎవరిది, ఏం ఒలికింది, ఎప్పటికి బాగైంది. ప్రతి పౌర్ణమికీ ఊరిని నడిపే పెద్ద సరంగు వాటిని అందరి ముందూ చదువుతాడు. వెనక పేజీలు ఎవరూ చదవరు. కాబట్టి ఇక్కడ నిజం రాసుకోవచ్చు. నాకు దీనమ్మంటే కుళ్ళు.

ఈ రోజు నా దగ్గరికి వచ్చిన లాప్‌టాప్‌లు రెండు. మా ఊళ్ళో ఇళ్ళన్నీ నీళ్ళ మీద వరసలుగా తేలే పంట్లే; ఆమె పంటు దగ్గర కట్టి ఉన్న పడవలు తొమ్మిది. నేనేమీ పనిగట్టుకుని లెక్కపెట్టలేదు. నా పనిబల్ల కిటికీ పక్కన ఉంది, ఆ కిటికీ ఏడో వరస వైపు తెరుచుకుంటుంది, నాకు లెక్కలొచ్చు. అంతే.

ఆమె కూడా నాలాగే లాప్‌టాప్‌లు బాగు చేస్తుంది, ఈ ఊరు వచ్చి రెండు నెలలైంది. ఎగువన ఏదో కొండవాలు ఊరట. నలభై ఐదేళ్ళుంటాయి. గట్టిగా మాట్లాడదు. గట్టిగా మాట్లాడని మనిషి దగ్గరికి జనం అంతలా ఎందుకెళతారో నాకు అర్థం కాదు. నా గొంతు మూడో వరస దాకా వినపడుతుంది.

మా నాన్న కాలంలో లాప్‌టాప్ పాడైతే కొత్తది కొనేవారట. మంచినీళ్ళ కోసం మైళ్ళు నడిచేవారని కూడా చెప్పేవాడు, కాబట్టి ఏది నిజమో ఎవరికి తెలుసు. నా ఎరుకలో మాత్రం ఆఖరి కొత్త పెట్టె ఈ నీళ్ళ మీదికి వచ్చి నలభై ఒక్క ఏళ్ళు. అప్పటి నుంచి ఉన్నవే ఉన్నవి. తాతలు నొక్కిన మీటలే మనవలు నొక్కుతున్నారు. నేను ఈ విద్య నేర్చింది ఒకే ఒక్క పుస్తకంలో. అందులో మొదటి పద్దెనిమిది పేజీలు చేపలు తినేశాయి. అందుకే విప్పడం ముందు నేర్చుకున్నాను, యంత్రం ఆన్ చెయ్యడం చిట్టచివర.

నంబరు 4116, మీటలు అంటుకుపోయాయి. మాణిక్యాలమ్మది, మా పక్క పంటు. ఏం ఒలికిందే అన్నాను. "వానయ్యా, కప్పు కారింది" అంది. వాన అని రాశాను.

శ్రావణ పౌర్ణమి

కచేరీలో చదివారు. నా చిట్టాలో ఇరవై రెండు యంత్రాలు, ఇరవై రెండూ వాన. దీనమ్మ చిట్టాలో నలభై, నలభయ్యీ వాన. ఎవరూ నవ్వలేదు.

దీనికో కథ ఉంది. నా చిన్నప్పుడు ఎవరో లాప్‌టాప్ పక్కన మజ్జిగ పెట్టుకుని ఒలకబోశారు. ఆ యంత్రమే ఐదో వరస తాళ్ళను చూసేది. వరస మొత్తం, పద్దెనిమిది పంట్లు, సముద్రంలోకి కొట్టుకుపోయాయి. మనుషులు దొరికారు, పంట్లు దొరకలేదు. అప్పటి నుంచి యంత్రానికి బారెడు దూరంలో తాగేదేదీ ఉండకూడదని కట్టడి. ఒలికిస్తే ఆ ఇంటి లాప్‌టాప్ ఏడాది పాటు ఊరి కొట్లోకి పోతుంది. కప్పు కారి వాన పడితే మాత్రం తప్పు లేదు. వాన దేవుడి చేతిలోది.

ఇక చూడండి మా ఊరి మీద దేవుడి దయ! మొన్న చైత్రంలో చుక్క వాన లేదు, పదకొండు లాప్‌టాప్‌లు వానకి తడిశాయి. నాకు తెలియకనా? నవ్వుకుని రాశాను. ముప్ఫై నాలుగేళ్ళుగా నవ్వుకునే రాస్తున్నాను.

నవ్వురానిది ఒక్కటే. నేను బాగు చేసినవి మూడు వారాలకి తిరిగొస్తున్నాయి. ఆమె చేసినవి రావడం లేదు. ఈ నెల నా వాటిలో తొమ్మిది తిరిగొచ్చాయి, అందులో ఏడు నా దగ్గరికి కాదు, ఆమె దగ్గరికి.

భాద్రపద శుద్ధ పంచమి

ఆమె రహస్యం సారాలో ఉందనుకున్నాను. మేం బోర్డుల్ని ఈతసారాతో తుడుస్తాం. నాది రెండుసార్లు కాచింది. ఆమెది మూడుసార్లు కాచిందేమోనని, పొద్దున ఆటులో వలకని చెప్పి పడవ వేసుకుని ఆమె కిటికీ కింద నుంచి రెండుసార్లు పోయాను, వాసన చూద్దామని.

"అన్నయ్య గారూ, ఏమన్నా పడిపోయిందాండీ నీళ్ళలో?" అని పైనుంచి అడిగింది.

"లేదమ్మా, ఊరికే" అన్నాను. సారా వాసన మామూలే.

ఇంటికొచ్చేసరికి రాఘవమ్మ తన లాప్‌టాప్ ముందు కూర్చుని ఏదో రాస్తోంది. రాఘవమ్మ నా భార్య. ఆ యంత్రం ఆమె తల్లిది, తల్లి పాడిన పాటలున్నాయి అందులో. 'ల' మీట పని చెయ్యక నాలుగేళ్ళు. నేనే ఐదుసార్లు బాగు చేశాను, ఐదుసార్లూ మళ్ళీ పోయింది. ఇవాళ చూస్తే టకటకా రాసేస్తోంది, 'ల'లతో సహా.

"ఎప్పుడు బాగైంది?"

"మొన్న."

"ఎవరు చేశారు?"

"నీకు తెలిసే అడుగుతన్నావు గదయ్యా."

"నా పెళ్ళానివై ఉండి..."

"పెళ్ళాన్నే. 'ల' లేకుండా నాలుగేళ్ళున్న పెళ్ళాన్ని. మా అమ్మ పేరు కమల. ఇన్నాళ్ళూ కమ అని రాసుకున్నా."

ఆమె చేపలు ఎండబెట్టడానికి వెళ్ళగానే నేను కింద మూత విప్పాను. తప్పే. విప్పాను. మా పనిలో ఒక ఆచారం ఉంది, బాగు చేసిన ప్రతివాడూ మూత లోపలి వైపు తన గుర్తు గీస్తాడు. అక్కడ నా గుర్తులు ఐదున్నాయి, ఐదూ చిన్న పీత బొమ్మలు. దీనమ్మ గుర్తు లేదు. లోపల బోర్డు అద్దంలా ఉంది, ఒక్క పచ్చ చిలుము మచ్చ లేదు. మూత కూడా కడిగింది, కానీ నా పీతల చుట్టూ జాగ్రత్తగా తుడిచి, ఒక్క కాలు కూడా చెరగకుండా వదిలింది.

చెరిపేసినా ఇంత మండేది కాదు.

భాద్రపద అమావాస్య, పెద్ద పోటు

నాకు మిగిలింది ఒక్క పని. లంగరు లాప్‌టాప్. పోటుకీ ఆటుకీ ఊరి తాళ్ళు ఎంత వదలాలో, ఎంత బిగించాలో మరలకి చెప్పేది అదే. నూట నలభై పంట్లు దాని మాట మీద నీటితో లేచి దిగుతాయి. ముప్ఫై నాలుగేళ్ళుగా అది నా చేతిలో ఉంది. ఊళ్ళో ఎవరు నన్ను ఏమన్నా, లంగరు నాంచారయ్య అనే అంటారు.

ఇవాళ పోటులో అది నిద్రపోయింది. రెండో వరస తాళ్ళు వదలలేదు, పంట్ల మూతులు నీళ్ళలోకి వంగాయి, వంటింట్లో బియ్యం డబ్బాలు తేలాయి. ఈ నెలలో ఇది రెండోసారి.

పెద్ద సరంగు ఏసుపాదం మా పంటుకొచ్చాడు. నన్ను చిన్నప్పటి నుంచీ బాబాయ్ అంటాడు. కూర్చోలేదు. అతను కూర్చోలేదంటే మంచి మాట కాదు.

"బాబాయ్, కార్తీకం గాలులొస్తన్నయ్. ఈ యంత్రం దీనమ్మ గారికి చూపిద్దామనుకుంటన్నాం."

"నేనుండగానా?"

"నువ్వున్నావనే గదా రెండుసార్లూ ఊరుకున్నాం."

"ఆశ్వయుజ పౌర్ణమి దాకా ఇవ్వరా. విప్పి, నిలువునా కడిగి, మీటమీటా చూసి ఇస్తా. అప్పుడు కూడా పడుకుంటే ఆవిడకే ఇచ్చెయ్యి, నేనే పడవలో తీసుకెళ్ళి అప్పజెబుతా."

ఏసుపాదం గుమ్మం వైపు తిరిగాడు. "అందాకా మనుషులం చేత్తో తిప్పుకుంటాం మరలు. వరసకి పదిమంది, వంతులు. పిన్నికి కూడా వంతు పడుద్ది, ముందే చెప్తన్నా."

"పడనియ్" అని రాఘవమ్మే అంది వంటింట్లోంచి.

ఆశ్వయుజ శుద్ధ అష్టమి, మధ్యాహ్నం

ఇది ముందు పేజీల్లోకి పోయేది కాదు.

లంగరు లాప్‌టాప్ విప్పి ఎనిమిది రోజులైంది. జబ్బు కనిపెట్టాను. ఫ్యాను దగ్గర ఒక తీగ తెగీ తెగనట్టుంది. ఇవాళ అతుకు వేశాను, ఆన్ చేశాను, పాత పాటలా లేచింది. మూడుసార్లు ఆర్పి, మూడుసార్లు లేపాను. ఇక మూత బిగించడమే.

సంతోషమొస్తే నాకు బెల్లం వేసిన శొంఠి కాఫీ కావాలి. పెట్టుకున్నాను. బల్ల మీద కాదు, కిటికీ అరుగు మీద పెట్టాను, బారెడు దూరం ఉంటుందనుకున్నాను. అప్పుడు బయటికి చూశాను. దీనమ్మ పంటు దగ్గర పడవలు. పదకొండు. కాదు, ఒకదాని వెనక ఇంకోటి, పన్నెండు. పదమూడోది ఎవరిదో కనపడక కొంచెం వంగాను. మోచెయ్యి తగిలింది.

గ్లాసెడు కాఫీ. మీటల మీద కాదు, విప్పి ఉన్న బోర్డు మీద, నిట్టనిలువునా.

యంత్రం 'టిక్' మంది. ఆరిపోయింది.

బ్యాటరీ లాగేశాను. గుడ్డతో అద్దాను. ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే సారా సీసా అందుకుని పోసింది. పోశాక చూశాను. బెల్లం మరకలు కరగలేదు. చిప్‌ల కాళ్ళ మధ్య గోధుమ రంగు మైనంలా బిగుసుకున్నాయి. ఇంకా పోశాను, ఇంకా బిగిశాయి.

అప్పుడు కూర్చుని ఆలోచించాను. బెల్లం ఒలికితే ఎలా కడగాలి? నాకు తెలియదు. నాలుగు వేల పైచిలుకు యంత్రాలు బాగు చేశాను, బెల్లం ఎలా కడగాలో నాకు తెలియదు. ఎందుకంటే నా దగ్గరికి ఒక్క బెల్లం యంత్రమూ రాలేదు. పాలు రాలేదు, కల్లు రాలేదు, పులుసు రాలేదు. వచ్చినవన్నీ వాన. అన్నిటినీ వానలాగే ఎండబెట్టాను, వానలాగే సారాతో తుడిచాను.

ఆకాశం దక్షిణం వైపు రాగి రంగులోకి తిరిగింది. కచేరీ మీద రెండో నంబరు జెండా ఎగరేశారు. తుఫాను, మూడు రోజుల్లో.

ఆశ్వయుజ శుద్ధ నవమి

పొద్దున్నే యంత్రాన్ని గుడ్డలో చుట్టుకుని పడవ వేసుకున్నాను. ఏడో వరసకి పావుగంట. ఆ పావుగంట నా జీవితంలో అన్నిటికన్నా పొడుగైన ప్రయాణం, మా మామగారింటికి పెళ్ళిచూపులకి వెళ్ళినదాన్ని కూడా కలుపుకుని.

"రండి అన్నయ్య గారూ. మంచినీళ్ళు తాగుతారా?"

"లాప్‌టాప్ గదిలో నీళ్ళా?"

"ఆ మూల బల్ల అందుకేనండీ. జనం దాహంతో వస్తారు గదా."

గుడ్డ విప్పింది. చూసింది. ముఖంలో ఏమీ మారలేదు. చిట్టా తెరిచింది. "రాతకేం ఒలికిందండీ?"

"వాన."

వాన అని రాసింది. పుస్తకం మూసింది. "చేతకేం ఒలికింది?"

"అంటే?"

"రాసింది సరంగు గారికి. నేను కడగాల గదండీ, నా చేతికి తెలియాల. పాలొక రకంగా కడగాల, కల్లొక రకంగా కడగాల. మీరు చెప్పేది ఈ గది దాటదు."

"అందర్నీ ఇలాగే అడుగుతావా?"

"అడక్కుండా ఎట్టా కడుగుతానండీ? మీరడగరా?"

నేను కిటికీలోంచి చూశాను. అదేం కర్మో, నాకు ఏ గదికెళ్ళినా కిటికీయే దొరుకుతుంది. నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. రాఘవమ్మ నాతో ఐదుసార్లూ వానే అంది. ఈమెతో నిజం చెప్పింది.

"మా ఆవిడ యంత్రం మీద ఏం ఒలికింది?"

"ఈ గది దాటదన్నా గదండీ."

"నేనూ ఈ గదిలోనే ఉన్నాగా."

"ఆమె లేదు గదా అన్నయ్య గారూ."

నవ్వలేదు. అందుకని తిట్టడానికి కూడా వీల్లేకపోయింది. "వానే ఒలికింది" అన్నాను మళ్ళీ. ఆమె స్క్రూడ్రైవర్ కింద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బయట మరలు కిర్రుమంటున్నాయి. రెండో వరసలో పోటుకి తాళ్ళు వదులుతున్నారు. పదిమందిలో నాలుగో మనిషి, అరవై ఆరేళ్ళ మా రాఘవమ్మ, చీర కుచ్చిళ్ళు బిగించి మర తిప్పుతోంది. గాలి లేచాక ఆ అంచున ఎవరూ నిలబడలేరు. తుఫాను నాడు ఆ తాళ్ళు వదిలేది ఈ యంత్రమైనా కావాలి, ఆ మనుషులైనా కావాలి.

"శొంఠి కాఫీ" అన్నాను.

"బెల్లంతోనా?"

"బెల్లంతోనే."

"ఎంత?"

"ఎంతైతేనేం?"

"ఎన్నిసార్లు కడగాలో తెలుసుద్దండీ."

"మూడు ముక్కలు. ఇంట్లో ఒకటని చెబుతాను."

"ఒలికాక ఏం పోశారు?"

"సారా."

అప్పుడొక్కసారి కళ్ళు మూసుకుంది. "సారా పోస్తే బెల్లం కరగదండీ, రాయవుద్ది. ముందు గోరువెచ్చని వాన నీళ్ళు. ఐదారుసార్లు. తీపి పోయాక, చివర్న సారా."

ఇంతేనా? ఇంతే. నా ముప్ఫై నాలుగేళ్ళు ఆ 'ముందు'కీ ఆ 'చివర'కీ మధ్య తారుమారయ్యాయి. ఇద్దరం కూర్చుని కడిగాం. ఆమె పోస్తోంది, నేను కుంచె పట్టాను. ఆమె చెయ్యి నా చెయ్యి కన్నా నిదానం. అదీ గమనించాను, అదీ మండింది.

ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి

నిన్న మధ్యాహ్నం గాలి మొదలయ్యే ముందే యంత్రాన్ని తిరిగి దాని చోట, లంగరు గట్టు మీద పెట్టాం. సాయంత్రం దాకా సముద్రం మా మీద తన కోపమంతా తీర్చుకుంది. ఐదో వరసలో ఒక తాడు తెగింది. రెండు కప్పులు ఎగిరిపోయాయి, అందులో ఒకటి మాది. పంట్లు నూట నలభై. ఇవాళ పొద్దున లెక్కపెట్టాను, నూట నలభై.

ఆశ్వయుజ పౌర్ణమి

కచేరీ. ఏసుపాదం దీనమ్మ చిట్టా చదువుతూ ఆగాడు. "లంగరు లాప్‌టాప్. నాంచారయ్య తెచ్చినది. వాన. బాగైంది."

నేను తెచ్చిన రోజుకి వాన పడి తొమ్మిది రోజులు. ఆ సంగతి అక్కడున్న మూడొందల మందికీ తెలుసు. అందరూ బుద్ధిగా తలలూపారు. ఎవరి వాన వాళ్ళకుంది.

"బాబాయ్, ఇంకో మాట" అన్నాడు ఏసుపాదం. "యంత్రం నీ దగ్గరే ఉండనిమ్మని దీనమ్మ గారే అన్నారు. తీగ జబ్బు కనిపెట్టింది నువ్వేనంట. దాని నాడి నీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదంట."

జనం చప్పట్లు కొట్టారు. దీనమ్మ చివరి వరసలో కూర్చుని ఎటో చూస్తోంది. నేను కోరుకున్నది నా ఒళ్ళోకే వచ్చింది. నోరు మూసుకుంటే చాలు. ముప్ఫై నాలుగేళ్ళ పేరు అలాగే ఉంటుంది, లంగరు నాంచారయ్య లంగరు నాంచారయ్యగానే పోతాడు. కాకపోతే పోయే దాకా నేను దీనమ్మ అబద్ధం మీద బతకాలి. నాకన్నా బాగా కడగడం ఓర్చుకున్నాను. నా పీతల్ని చెరపకపోవడం ఓర్చుకున్నాను. నాకోసం తన చిట్టాలో అబద్ధం రాసి, పైగా నన్ను మెచ్చుకోవడం మాత్రం నావల్ల కాలేదు. మంచితనంలో కూడా ఆవిడే ముందుండాలా?

లేచాను. "వాన కాదు. శొంఠి కాఫీ. నేనే ఒలికించా. నా కిటికీ దగ్గర, పట్టపగలు."

మూడో వరస దాకా వినపడే గొంతు కదా. ఏడో వరస దాకా వినపడింది.

ఏసుపాదం చిట్టా మూశాడు. తర్వాత కట్టడి కట్టడే అన్నాడు. నా సొంత లాప్‌టాప్ ఏడాది పాటు ఊరి కొట్లోకి పోయింది. లంగరు యంత్రం దీనమ్మకి ఇచ్చారు.

పడవలో రాఘవమ్మ తెడ్డు వేస్తూ, "వానంటే పోయేది గదయ్యా" అంది.

"ఆవిడ అబద్ధం మీద బతకమంటావా?"

"మా అందరి అబద్ధాల మీద ముప్ఫై నాలుగేళ్ళు బతకలా?"

నేను రెండో తెడ్డు అందుకున్నాను. మళ్ళీ తనే అంది, "బెల్లం ఎన్ని ముక్కలేశావు?"

"ఒకటి."

ఆశ్వయుజ బహుళ పంచమి

నాలుగు రోజులు ఎవరూ రాలేదు. కిటికీకి గుడ్డ కట్టాను. రెండో రోజు ఒక అంచు విప్పాను, గాలి కోసం.

ఇవాళ పోటు నిండే వేళకి మాణిక్యాలమ్మ వచ్చింది, చంకలో లాప్‌టాప్. అదే 4116.

"దీనమ్మ లంగరు గట్టు మీదుంది, సాయంత్రం దాకా రాదంట. అందుకే నీకాడికొచ్చా. ఏమీ అనుకోకు."

"అనుకోనులే. ఏం ఒలికింది?"

గుమ్మం దగ్గరే నిలబడి నన్ను పైకీ కిందకీ చూసింది. నేను ముందు పేజీ తీసి 'వాన' అని రాసి, పుస్తకం మూసి, కలం పక్కన పెట్టాను. ఆమె వచ్చి పీట మీద కూర్చుంది.

"చేపల పులుసు. శ్రావణంలో కూడా పులుసే. మా ఆయనకి సినిమా చూస్తా తినే అలవాటు. చింతపండు ఎక్కువేస్తాను నేను. నూనె కూడా ఎక్కువే."

ముప్ఫై నాలుగేళ్ళలో ఈ బల్ల ముందు విన్న మొదటి నిజం. దాన్ని ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. బెల్లమైతే ఇప్పుడు వచ్చు. ఉప్పూ పులుపూ నూనే కలిసింది ఏ నీళ్ళతో మొదలుపెట్టాలి?

"సాయంత్రానికి చెబుతా, ఉంచి వెళ్ళు" అన్నాను.

ఆమె అటు వెళ్ళగానే పడవ తాడు విప్పాను. లంగరు గట్టుకి పది నిమిషాలు. తెడ్డు వేస్తూ దారి పొడుగునా ఒకటే మొక్కుకున్నాను, పులుసు సంగతి ఆవిడక్కూడా తెలియకుండా ఉంటే బాగుండునని.